ఏడో అంతస్తు గోల్‌కీపర్ మీద నా అనుమానం

96వ రోజు

ఓడిపోతున్న జట్టు గోల్‌కీపరు టైము ఎందుకు లాగుతాడు?

గెలుస్తున్నవాడు లాగాడంటే నాకు అర్థమవుతుంది. ఒక గోల్ ముందుంటాడు, చివరి విజిల్ దాకా నెట్టుకొస్తే చాలు. అందుకని బంతిని పొట్టకింద పెట్టుకుని బోర్లా పడుకుంటాడు. దొంగబుద్ధే, కానీ నాకు తెలిసిన దొంగబుద్ధి. ఇరవై ఆరేళ్ళుగా నేలకింద ఏడంతస్తుల ఈ ఊళ్ళో ఫుట్‌బాల్‌కి రిఫరీని నేనే, టైమ్‌కీపర్నీ నేనే. అలాంటివాళ్ళని ఎంతమందిని చూడలేదు! ఇవాళ చూసింది మాత్రం అది కాదు.

ఏడో అంతస్తు జట్టు నాలుగో అంతస్తు మీద సున్నా-మూడుతో ఓడిపోతోంది. ఎనభయ్యో నిమిషం. వాళ్ళ గోల్‌కీపరు దాసరి ఏలియా గోల్ కిక్ కొట్టాలి. బంతి పెట్టాడు. వెనక్కి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి బంతిని కాస్త పక్కకి జరిపాడు. మళ్ళీ వెళ్ళాడు. అక్కణ్ణించి వంగి, బూటు అడుగున బరువు పలక వదులైందని నాకు సైగ చేశాడు. మూడు గోల్స్ వెనకబడ్డవాడు బంతి కోసం పరిగెత్తాలా, బూట్లతో ఆడుకోవాలా?

అతనొక్కడే ఆపిన టైము పదిహేడు నిమిషాల నలభై సెకన్లు. రూలు ప్రకారం అదంతా చివర్లో కలిపాను. ఆ రూలు నేను రాసిందే. రెండేళ్ళ కిందట గోల్‌కీపర్ల ఆలస్యం భరించలేక రాశాను: ఎంత లాగితే అంతా కలపాలి, లాగినవాడికి ఒక్క సెకను కూడా మిగలకూడదు. అప్పటి నుంచి అందరూ దారికొచ్చారు. ఈ మహానుభావుడు తప్ప.

ఇందులో ఏదో మతలబు ఉంది. ఆఫీసు ఫారంలో ఇలాంటివి రాయడానికి చోటుండదు, అందుకే ఈ నోట్‌బుక్ మొదలెట్టాను.

98వ రోజు

బూట్ల తూకం. నెలకోసారి నాకిదో చాకిరీ. ఒక్కో బూటు పలక రెండు కిలోలుండాలి. క్రితం ఏడాది ఐదో అంతస్తు కుర్రాడొకడు పలకలు తీసి దాచేసి, హెడర్ కోసం ఎగిరి, తిన్నగా పైనున్న దీపాల చట్రానికి తల కొట్టుకున్నాడు. తాతలు వదిలొచ్చిన గ్రహం మీద అయితే రెండడుగులు ఎగిరి దిగేవాడట. ఇక్కడ మన బరువు మూడోవంతే కదా. అప్పటినుంచి ప్రతి పలకా నేనే స్వయంగా తూచుతున్నాను. ఎవర్నీ నమ్మను.

ఏలియా పలకలు తూచాను. రెండు కిలోలు, రెండు కిలోలు. మర తిప్పి చూశాను. అంత బిగువు బూట్లు ఈ ఊళ్ళో ఇంకెవరికీ లేవు.

"ఏమయ్యా ఏలియా, మొన్న వదులైంది ఏ పలక?"

"కుడిదండి మేడంగారూ."

"మొన్న ఎడమకాలు చూపించావు."

ముప్ఫయ్యేళ్ళుంటాయి, ఆరడుగుల మనిషి, పగలంతా రాతి గనిలో డ్రిల్లు పట్టే చేతులు. నా ఎదుట నిలబడి బడిపిల్లాడిలా నేల చూపులు చూశాడు. తప్పు చేయనివాడికి ఆ చూపెందుకు?

103వ రోజు

ఏడో అంతస్తు, మూడో అంతస్తు. ఒకటి-ఒకటి డ్రా. ఏలియా లాగింది ఇరవై ఒక్క నిమిషం.

ఇవాళ వాడిన విద్యలు: గ్లవ్‌లో రాయి పడిందన్నాడు. గోల్ వలకి ముడి ఊడిందని చూపించి తానే కట్టాడు, నిదానంగా, పెళ్ళిపందిరి కడుతున్నట్టు. కంట్లో గడ్డి పడిందన్నాడు. ఒకసారి బంతిని గుండెలకి హత్తుకుని నేలమీద పడుకుని నొప్పి నొప్పి అన్నాడు. ఎక్కడ నొప్పి అంటే చెప్పడానికి కూడా టైము తీసుకున్నాడు.

అసలు నాకు ఎక్కువ గుచ్చుకున్నది అతను కాదు, జనం. గోల్‌కీపరు టైము లాగితే గ్యాలరీ ఈలలు వేస్తుంది, బూతులు తిడుతుంది. ఎక్కడైనా అంతే. ఉత్తరం వైపు గోల్ వెనక గ్యాలరీలో ఏడో అంతస్తువాళ్ళు కూచుంటారు. అక్కణ్ణించి ఆట సగం కనపడదు, వల అడ్డం. మంచి సీట్లు ఖాళీగా ఉన్నా వాళ్ళు అక్కడే కిక్కిరిసి కూచుంటారు. ఏలియా బూటుకోసం వంగినప్పుడల్లా వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను చెవులారా విన్నాను. ఒక ఆడమనిషైతే, "నిదానంగా కట్టుకో నాయనా" అని అరిచింది.

సొంత జట్టు గెలవాలని కోరుకునేవాళ్ళు అనే మాటేనా అది?

110వ రోజు

ఇక చాలు. ఇవాళ ఏడో అంతస్తు ఆట నూట ముప్ఫై మూడు నిమిషాలు నడిచింది. ఆట మొదలైన విజిల్‌కి మైదానం మీది ఎండ దీపాలు వెలుగుతాయి, హాఫ్‌టైమ్‌లో ఆపేస్తారు, ఆఖరి విజిల్‌కి ఆరిపోతాయి. మా మైదానంలో గడ్డి నిజం గడ్డి, అచ్చం ఎండలాంటి ఆ వెలుగు లేకపోతే చస్తుంది. మిగతా ఊరంతా పొదుపు బల్బులతో సర్దుకుంటుంటే ఈ గడ్డికి ఇంత కరెంటేమిటని క్రీడా కమిటీ పెద్ద శరభయ్యగారు ప్రతి వారం నన్నే అడుగుతారు, నేనేదో గడ్డి మేస్తున్నట్టు.

నేను ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. ఇది పందెం వ్యవహారం. ఆట ఎన్ని నిమిషాలు సాగుతుందనే దానిమీద ఎవరో పందాలు కాయిస్తున్నారు. ఏలియా వాళ్ళ మనిషి. గోల్ వెనక గ్యాలరీ మొత్తం ఆ ముఠా. అందుకే గెలుపోటములతో పనిలేదు, అందుకే చప్పట్లు. అన్నీ అతికినట్టు సరిపోయాయి. నన్ను అనుమానాల పుట్ట అని వెనకాల అంటారు గానీ, ఈ పుట్టలో పాము దొరికింది ఇప్పుడు.

రిపోర్టు రాశాను, నాలుగు పేజీలు.

112వ రోజు

కమిటీ ఆఫీసు ఒకటో అంతస్తులో. పైకప్పులోంచి వెలుగు గొట్టం ఒకటి తిన్నగా శరభయ్యగారి బల్లమీదికే దిగుతుంది. నిజం ఎండ. ఆయన బట్టతల మెరుస్తూ ఉంటుంది. నా రిపోర్టు చదివి ముందు పందేల సంగతి వదిలేశారు.

"దానికి ఆధారాలు తెండి, చూద్దాం. ముందు ఈ ఆలస్యం ఆపే ఉపాయం చెప్పండి హైమావతిగారూ."

ఉపాయం రాసుకునే వెళ్ళాను. కలపడం రద్దు. ఆట తొంభై నిమిషాలే, తొంభై కాగానే దీపాలు వాటంతటవే ఆరిపోవాలి. మరి గోల్‌కీపర్లు లాగితే? బంతి చేతిలో ఉన్నా, గోల్ కిక్‌కి పెట్టినా, బూటు కట్టుకుంటున్నా, ఎనిమిది సెకన్లు. నేను చెయ్యెత్తి లెక్కపెడతాను. ఎనిమిది దాటితే ఎదుటి జట్టుకి కార్నర్.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీనండీ. నాలుగు కార్నర్‌లు మీదికొస్తే ఎవడికైనా బుద్ధొస్తుంది."

ఆయన మొహం విప్పారింది. కరెంటు మిగులుతుందని కాబోలు. సెమీఫైనల్ నుంచే అమలన్నారు. గర్వంగా మెట్లు దిగొచ్చాను. ఆ గర్వం ఇక్కడ రాయకపోతే అబద్ధమవుతుంది.

117వ రోజు

సెమీఫైనల్. ఏడో అంతస్తు, ఐదో అంతస్తు.

ఏలియా మొదటిసారి బూటు మీదికి వంగగానే చెయ్యెత్తాను. ఎనిమిది. కార్నర్. నూకరాజు అని వాళ్ళ కెప్టెన్, గట్టి మనిషి, పరిగెత్తుకొచ్చి ఏలియా చెవిలో ఏదో అన్నాడు. ఆ తర్వాత ఏలియా ఒక్కసారి కూడా లాగలేదు. ఏం ఆడారండీ ఆ తర్వాత! ఆపడం లేకపోయేసరికి జట్టంతా ఊపందుకుంది. రెండు-సున్నా. చరిత్రలో మొదటిసారి ఏడో అంతస్తు ఫైనల్‌కి వచ్చింది. నా రూలు వాళ్ళకే మేలు చేసిందని నవ్వుకున్నాను.

తొంభై. దీపాలు ఆరిపోయాయి.

గోల్ వెనక గ్యాలరీలోంచి ఒక ఏడుపు వినపడింది. ఫైనల్‌కి వచ్చిన జనం ఎగిరి గంతులెయ్యాలి కదా. ఒక్కరూ లేవలేదు. ఆ మసక బల్బుల వెలుగులో అలాగే కూచున్నారు. పందెం పోయి ఏడుస్తున్నారు దొంగలు, ఇవాళ చేతికి చిక్కారు అనుకుని, విజిల్ పిడికిట్లో పట్టుకుని గ్యాలరీ ఎక్కాను.

ఎక్కాక నా కాళ్ళు ఆగిపోయాయి.

ముందు నాలుగు వరసల నిండా పిల్లలు. చొక్కాలు లేకుండా, లాగూలు తొడల దాకా మడిచి, దీపాలవైపు కాళ్ళు చాపి కూచున్నారు. తల్లులు ఆ మడతలు విప్పి కిందికి దించుతున్నారు. కొందరి కాళ్ళు మోకాళ్ళ దగ్గర విల్లులా వంగి ఉన్నాయి. ఒకామె ఒళ్ళో నాలుగేళ్ళ పిల్ల, రెండు కాళ్ళకీ చెక్కబద్దలు కట్టి ఉన్నాయి. ఏడ్చింది ఈవిడే. నన్ను చూసి కళ్ళు తుడుచుకుని పిల్లని పమిటలో దాచుకుంది.

"అమ్మగారూ, రాసుకోకండి అమ్మగారూ. మీకు దణ్ణం పెడతాను."

ఆమె ఏలియా భార్య కరుణమ్మ. పిల్ల పేరు సువార్త.

118వ రోజు

పొద్దున్నే ఏడో అంతస్తుకి దిగాను. ఇరవై ఆరేళ్ళలో రెండోసారి. దానికింద ఇంక రాయి తప్ప ఏమీ లేదు. జనానికి ఎండ దీపాలు పెట్టిన ఎండగది బయట క్యూ ఉంది. పిల్లలకి మనిషికి పదకొండు నిమిషాలు రోజుకి. ఒకటో అంతస్తులో శరభయ్యగారి బట్టతలకి ఎన్ని నిమిషాలో ఎవరూ లెక్కపెట్టరు.

కరుణమ్మ టీ ఇచ్చింది. ముందు నోరు విప్పలేదు, నా మీద ఆవిడకి అనుమానం. నాకు భలే కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. చివరికి పిల్ల మణికట్టుకున్న పట్టీ చూపించింది. తెల్ల పట్టీ, ఎండ తగిలేకొద్దీ గోధుమరంగుకి మారుతుంది. ఇంకా ఒక వేలెడు తెల్లగా ఉంది.

"ఎనభై అయిదో రోజున మందెక్కించారమ్మగారూ, ఎముకలకి. ఎక్కించాక నలభై రోజుల్లో పంతొమ్మిది గంటల ఎండ తగలాలంట. పట్టీ మొత్తం రంగు మారితే ఎముక గట్టిపడుద్ది, నడుస్తది. మారకపోతే మందు దండగ. రెండోసారి ఇవ్వరు. కాళ్ళలో ఇనప కడ్డీలేస్తారు, కుర్చీలోనే ఇంక."

"ఎండగది టైము పెంచమని అడగలేదా?"

"మూడు అర్జీలు పెట్టామండి. ఏడో అంతస్తుకి కోటా ఇంతే అన్నారు."

అప్పుడు అర్థమైంది. గ్యాలరీలోకి ఆడే జట్ల అంతస్తుల జనాన్నే రానిస్తారు. ఏడో అంతస్తు ఆడిన రోజే వాళ్ళ పిల్లలకి మైదానం ఎండ. గోల్స్ ముందు గడ్డి ఎక్కువ అరుగుతుందని అక్కడే దీపాలు దట్టం. ఆట ఎంత సాగితే అంత ఎండ. నేనే రూలు రాశాను కదా, గోల్‌కీపరు ఎంత లాగితే అంతా కలపాలని! ఏలియా దొంగిలించిన ప్రతి సెకనూ నేనే లెక్కగట్టి, పైసా తేడా లేకుండా అతని కూతురికి చెల్లించాను. మొన్నటిదాకా. ఇప్పుడు నేనే కోసేశాను.

లెక్క వేసిచ్చాను కరుణమ్మకి. నూట ఇరవై నాలుగున ఫైనల్, ఆ మర్నాటితో గడువు సరి. రోజువారీ కోటా అంతా వేసుకున్నా ఫైనల్ రోజు దీపాలు నూట ముప్ఫై నిమిషాలు వెలగాలి. నా రూలుతో తొంభై. నలభై తక్కువ.

టీ చల్లారిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

119వ రోజు

శరభయ్యగారి దగ్గరికి వెళ్ళాను. పాత రూలే మేలనిపిస్తోందండీ, ఫైనల్‌కి వెనక్కి తీసుకుందాం అన్నాను.

"వారం కింద నాలుగు పేజీలు రాసింది మీరే కదా?"

"రాశానండీ. తొందరపడ్డాను."

కళ్ళజోడు తీసి నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. అద్దంలో రోజూ చూసే చూపే. "ఎవరైనా ఏమైనా ముట్టజెప్పారా హైమావతిగారూ?"

నిజం చెబితే? ఎండ దీపాలు గడ్డికోసం, మనుషులు వాడుకుంటే ఎండ దొంగతనం కింద కేసు. గ్యాలరీ మూసేస్తారు, అప్పుడా తొంభై కూడా దక్కదు. అబద్ధం నాకు అలవాటు లేదు. లేచి వచ్చేశాను. మెట్లమీద ఉండగా ఆయన గుమాస్తాతో అన్నమాట వినపడింది. "ఈవిడమీద ఓ కన్నేసి ఉంచు."

121వ రోజు

ఏలియా ఒంటరిగా ప్రాక్టీసు చేస్తున్నాడు. గోడకేసి బంతి కొట్టడం, పట్టడం. నన్ను చూసి ఆపేశాడు.

"నాకంతా తెలుసు" అన్నాను. "కరుణమ్మ చెప్పింది. ఇప్పుడు నేను చెప్పేది విను. ఫైనల్ డ్రా అయితే అదనంగా ముప్ఫై నిమిషాలు. అదీ తేలకపోతే పెనాల్టీలు. తేలేదాకా దీపాలు ఆరవు. కమిటీ దాన్ని మార్చలేదు, నేను చూశాను."

బంతిని చంకలో పెట్టుకున్నాడు. "అంటే మేం ముందుంటే నేనో గోల్ వదిలెయ్యాలంటారు."

"నేనేమీ అనడం లేదు. రూలు చెబుతున్నాను."

"మేడంగారూ." మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు. "బూటు కట్టుకున్నాను. పడుకున్నాను. అబద్ధాలాడాను. మీరు దొంగ అన్నా పడ్డాను. కానీ నాకేసి వచ్చిన బంతిని తెలిసి తెలిసి ఎప్పుడూ వదల్లేదండి. అది నావల్ల కాదు. నూకరాజు మొహం నేనెలా చూడాలి? మా అంతస్తుకి కప్పు ఎప్పుడైనా వచ్చిందా?"

"మరి పిల్ల?"

బంతిని మళ్ళీ గోడకేసి కొట్టాడు. నేను వచ్చేస్తుంటే వెనకనుంచి ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. వదులుతాడో వదలడో నాకు తెలియలేదు. తెలిసినా నమ్మేదాన్ని కాదేమో.

124వ రోజు

ఫైనల్. ఏడో అంతస్తు, రెండో అంతస్తు. ఉన్నదున్నట్టు రాస్తాను.

ఇరవయ్యో నిమిషంలో నూకరాజు గోల్ కొట్టాడు. ఒకటి-సున్నా. హాఫ్‌టైమ్‌కీ అంతే. రెండో సగంలో ఏలియా ఉత్తరం గోల్‌లో, సరిగ్గా తనవాళ్ళ ముందర. రెండో అంతస్తువాళ్ళు దాడిమీద దాడి చేశారు. అతను అన్నీ ఆపాడు. నేను కళ్ళలో ఒత్తులేసుకుని చూస్తున్నాను. ఒక్క బంతి కూడా వదల్లేదు. డెబ్బై. డెబ్బై అయిదు. కరుణమ్మ కాళ్ళ దగ్గర పిల్ల పట్టీ కట్టిన చెయ్యి పైకి చాచి కూచుంది. ఇంత మొండివాడేమిటి వీడు!

డెబ్బై ఎనిమిది. తేలిక బంతి, చేతుల్లోకి వచ్చింది. పట్టుకున్నాడు. నిలబడ్డాడు. చెయ్యెత్తి లెక్క మొదలుపెట్టాను. అయిదు, ఆరు. విసిరెయ్యవయ్యా అనిపించింది. ఏడు, ఎనిమిది. బంతి గుండెల దగ్గరే ఉంది. నావైపు చూస్తున్నాడు.

కార్నర్ ఇచ్చాను.

కార్నర్ వచ్చింది, ఎగిరి పిడికిలితో కొట్టి పంపాడు. ప్రాణం పెట్టి ఆపాడు. రెండు నిమిషాల్లో మళ్ళీ బంతి చేతికొచ్చింది. మళ్ళీ నిలబడ్డాడు. ఎనిమిది. కార్నర్. అప్పటికి నాకు తెలిసింది అతనేం చేస్తున్నాడో. గోల్ వదలడు. వాళ్ళ చేతికి కార్నర్ ఇస్తాడు, ఆపై ఆపడానికి ఒళ్ళు హూనం చేసుకుంటాడు. నూకరాజుకి పిల్ల సంగతి తెలుసు, అయినా పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టుకుని కుదిపాడు.

"ఇవాళ వద్దురా! ఒక్క ఇవాళ! పది నిమిషాలు ఓపిక పట్టరా, కప్పు మనదే!"

ఏలియా ఏడుస్తున్నాడు. బంతి మాత్రం వదల్లేదు. మూడో కార్నర్ కూడా ఆపాడు. నాలుగోది, ఎనభై ఆరో నిమిషం, ముగ్గురు ఒకేసారి ఎగిరారు. ఏలియా వేళ్ళకి తగిలి లోపలికి వెళ్ళింది. ఒకటి-ఒకటి. ఆ నాలుగుసార్లూ నేను ఒక సెకను తగ్గించలేదు, ఒకటి పెంచలేదు.

అదనపు ముప్ఫై నిమిషాల్లో గోల్ పడలేదు. దీపాలు వెలిగి నూట ఇరవై నిమిషాలు. ఇంకా పది కావాలి. పెనాల్టీలకి సర్దుకునేసరికి నూట ఇరవై రెండు.

పెనాల్టీల్లో ఏలియాని చూసి తీరాలి. ఖర్మ కాకపోతే ఇవాళే ఇంత బాగా ఆడాలా? వాళ్ళ మొదటి మూడిట్లో రెండు ఆపేశాడు. ఏడో అంతస్తు మూడూ కొట్టింది. మూడు-ఒకటి. వాళ్ళ నాలుగోది ఆపితే ఆట అయిపోయినట్టే, కప్పు ఏడో అంతస్తుది. నా టైము బోర్డు చూశాను. నూట ఇరవై అయిదున్నర.

రెండో అంతస్తు ఆటగాడు బంతి పెట్టి వెనక్కి నడిచాడు. విజిల్ నోట్లో పెట్టుకున్నాను. ఊదలేదు.

"ఆగండి" అన్నాను. "చుక్క సరైన చోట లేదు."

టేపు తెప్పించాను. గోల్ గీత నుంచి పదకొండు మీటర్లు కొలిచాను. సరిగ్గానే ఉంది. మళ్ళీ కొలిచాను. టేపు మెలికపడిందని విప్పి, మూడోసారి కొలిచాను. తర్వాత బంతి నొక్కి చూశాను. గాలి తక్కువుందన్నాను. ఇంకో బంతి తెమ్మన్నాను. తెచ్చినదాన్నీ నొక్కి, పాతదే నయమన్నాను. రెండో అంతస్తువాళ్ళు చుట్టుముట్టి అరుస్తున్నారు. గ్యాలరీలో ఈలలు, బూతులు, ఇరవై ఆరేళ్ళలో ఎవర్నీ తిట్టనన్ని. శరభయ్యగారు మైకులో, "హైమావతిగారూ, ఏం చేస్తున్నారు మీరు?" అంటున్నారు.

"కొలుస్తున్నానండీ" అని గట్టిగా చెప్పాను. ఉత్తరం గ్యాలరీ మాత్రం కిక్కురుమనలేదు.

నూట ముప్ఫై దాటాక విజిల్ ఊదాను.

అంతసేపు నిలబెట్టేసరికి ఆ ఆటగాడికి దడ తగ్గిపోయింది, చల్లగా మూలకి కొట్టాడు. మావాళ్ళకి పట్టు తప్పింది. మావాళ్ళు అని రాశాను, కొట్టెయ్యను. ఒకటి బయటికి, ఒకటి స్తంభానికి, చివరిది గోల్‌కీపరు చేతుల్లోకి. ఏడో అంతస్తు మూడు-నాలుగుతో ఓడిపోయింది.

దీపాలు ఆరాక నూకరాజు నా దగ్గరికొచ్చాడు. "మీరు ఆ నాలుగు నిమిషాలు ఆపకపోతే కప్పు మాదండి" అన్నాడు. అది నిజం.

126వ రోజు

విచారణ. ముందు నూకరాజుని పిలిచారు. మీ గోల్‌కీపరు నాలుగుసార్లు ఎనిమిది సెకన్లు ఎందుకు దాటించాడని అడిగితే, "మా వాడికి ఎనిమిది దాకా లెక్క రాదండి" అన్నాడట. బయట బెంచీమీదున్న నా పక్కనుంచే వెళ్ళాడు, పలకరించలేదు.

తర్వాత నేను. ఎంత టైము వృథా చేశారని శరభయ్యగారు అడిగారు.

"నాలుగు నిమిషాల ముప్ఫై రెండు సెకన్లండీ."

గుమాస్తా రాయడం ఆపి తలెత్తాడు. అంత కచ్చితంగా ఒప్పుకునేవాళ్ళు వాళ్ళకి ఎప్పుడూ తగిలి ఉండరు.

"ఎవరికోసం?"

బల్లమీద పడ్డ ఎండకేసి చూశాను.

"రెండో అంతస్తు మిమ్మల్ని కొనేసిందని జనం అంటున్నారు. కాదంటారా?"

"కాదండీ."

ఆయన నమ్మలేదు. ఆ కుర్చీలో నేనున్నా నమ్మను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం, విజిల్, బోర్డు తాళం బల్లమీద పెట్టి బయటికొచ్చాను.

మెట్లమీద ఏలియా, కరుణమ్మ నిలబడి ఉన్నారు. ఏలియా కన్ను వాచి ఉంది. ఏమైందంటే, "మావాళ్ళేనండి, తగ్గిపోద్ది" అన్నాడు. కరుణమ్మ పిల్ల చెయ్యి నా ముందుకి చాపింది. పట్టీ ఈ చివరినుంచి ఆ చివరిదాకా గోధుమరంగు. నేను అలవాటుకొద్దీ దగ్గరికి లాక్కుని, వెనక్కి తిప్పి కూడా చూశాను. ఎక్కడా తెల్లచుక్క లేదు.

"పొద్దున డాక్టరు చెక్కలు విప్పేశారమ్మగారూ."

ఏలియా పిల్లని చంకలోంచి దించి మెట్టుమీద నిలబెట్టాడు. సన్నటి కాళ్ళు, బద్దలు కట్టినచోట చర్మం పాలిపోయి ఉంది. గోడ పట్టుకుంది. ఒక కాలు ఎత్తింది, దించేసింది. మళ్ళీ ఎత్తింది. వెనక జనం దిగడానికి ఆగి ఉన్నారు, ఎవరో త్వరగా కానివ్వమన్నారు. నేను మెట్లకి అడ్డంగా నిలబడ్డాను.

"నిదానంగా ఎక్కమ్మా" అన్నాను. "తొందరేం లేదు."